మిద్దె మీది డైరెక్టరు

కర్నూలులో మా మిద్దె మీద ఒక డైరెక్టరు కాపురముంటున్నాడు. పరాయివాడు కాదు, నా బామ్మర్దే. బెంగళూరు కంపెనీలో టాలెంట్ అక్విజిషన్ డైరెక్టరు, అంటే ఉద్యోగాలకు మనుషుల్ని వెతికి చేర్పించేవాడు. ఉద్యోగం మాత్రం ఇంట్లోంచే. అక్విజిషన్ అన్న మాట మా అమ్మకు కొత్త కాదు. శ్రీశైలం ప్రాజెక్టు కింద ఆమె పుట్టినూరు మునిగింది ల్యాండ్ అక్విజిషన్ అన్న ఆ మాటతోనే. అందుకే వాడి హోదా మొదటిసారి వినగానే, "పరిహారం ఎప్పుడిస్తారంట?" అని అడిగింది. అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే ఆమె అడిగిందాంట్లో తప్పేమీ కనపడలేదు. అక్కడా ముందు నోటీసే, ఇక్కడా ముందు నోటీసే. తొంభై రోజులు.

ఈ తొంభై రోజుల ధర్మశాస్త్రం కాస్త వివరించాలి. వాడి కంపెనీని వదిలి పోవాలంటే 90 రోజులు ఆగాలి. వాడి కంపెనీలో చేరాలంటే 15 రోజుల్లో రావాలి. అవతలి కంపెనీలోనూ ఇదే రూలు. ఈ రెండూ ఒకే దేశంలో ఎట్లా అమలవుతాయని నేనడిగితే, "అదే కదా బావా మా చాలెంజ్" అన్నాడు గంభీరంగా. అంటే ముడి వేసేదీ వీళ్లే, విప్పలేకపోతున్నామని జీతం తీసుకునేదీ వీళ్లే.

పొద్దున తొమ్మిదిన్నరకు వాడి మీటింగు మొదలవుతుంది. "పైప్‌లైన్ స్ట్రాంగ్‌గా ఉంది" అన్న కేక పైనుంచి వినపడగానే మా ఆవిడ బిందె తీసుకుని కుళాయి దగ్గరికి పోతుంది. పెళ్లయిన నాటినుంచి ఆమెకు తమ్ముడంటే నమ్మకం. కుళాయిలోంచి గాలి వస్తుంది. పైనున్న పైప్‌లైన్‌లోనూ అదే వస్తుందని నాకు ఆర్నెల్లకు గానీ తెలియలేదు. నాలుగు వందల రెజ్యూమెలు పడతాయి, నలభై మందికి ఫోన్లు పోతాయి, పన్నెండు మందిని ఆరు రౌండ్లు కూర్చోబెడతారు. చివరికి ఒకడు మిగిలేసరికి పైవాళ్లు హెడ్‌కౌంట్ ఫ్రీజ్, అంటే ఇక కొత్తవాళ్లను తీసుకోవద్దు అంటారు. మర్నాడు మళ్లీ మీటింగు.

వాడు అత్యంత నిష్ఠతో చేసే పని జేడీ రాయడం. ఉద్యోగానికి కావలసిన గుణగణాల పట్టిక అన్నమాట. మన జిల్లాకు ఇది పాత విద్యే. పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారిలో, ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. రాజుకులనే అధికారులకు చెప్పండి, వాళ్లు జనపదంలో వాళ్లకు చెబుతారు అంటూ ఎవరి కింద ఎవరో వరసగా చెక్కించాడు మహానుభావుడు. అందులో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకు నడుస్తాయి. పండితులు దీనికి వింతపడతారు గానీ, మా వాడి జేడీలు చదివినవాడికి వింతేమీ ఉండదు. సెల్ఫ్ స్టార్టర్ అయ్యుండాలి, చెప్పినట్టు వినాలి. సొంతంగా నిర్ణయాలు తీసుకోవాలి, ప్రతిదానికీ అప్రూవల్ తీసుకోవాలి. ఎటునుంచి చదివినా ఒకటే.

పోయిన జూన్‌లో వాడు స్లైడ్ల మీద జొన్నగిరి పొలాల ఫొటో పెట్టాడు. తొలకరి పడగానే ఆ చుట్టుపక్కల ఎర్రనేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు కదా, మేమూ అట్లాంటి వేటగాళ్లమే అని రాశాడు. ఇది నేను సహించలేకపోయాను. అక్కడ సద్ది కట్టుకుని వచ్చి, చెట్టుకింద పడుకుని, నడుం వంచి వెతికేవాళ్లు పాపం, రాయి దొరికితే కళ్లకద్దుకుంటారు. "మా ఉంగరంలోనే ఎందుకు మెరవాలనుకుంటున్నావు? ఐదేళ్ల తర్వాత ఏ వేలి మీద ఉంటావు?" అని దాన్ని ఆరుసార్లు అడగరు. "తర్వాత చెబుతాం" అని మళ్లీ బురదలో పడేయరు.

వాడికి సరైన గురువు మొన్న సంక్రాంతి తర్వాత మా ఇంటికొచ్చాడు. కోసిగి వైపు మేస్త్రీ, మా మామగారి ఊరివాడే, ఆధార్ పనిమీద కలెక్టరాఫీసుకొచ్చి మధ్యాన్నం భోజనానికి ఆగాడు. సుగ్గికి, అంటే వలసకు, గుంటూరు మిరప చేలకు మనుషుల్ని తోలుకుపోవడం ఆయన పని. రెండు దినాల్లో అరవై మందిని ఎక్కించానన్నాడు, పప్పులో నెయ్యి కలుపుకుంటూ. మా వాడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"బ్యాక్‌గ్రౌండ్ చెకింగ్ ఎట్లా చేస్తావు?"

"వాని తాత నాకు తెలుసు సార్."

"జాయినింగ్ బోనస్?"

"ముందే అడ్వాన్సు ఇస్తా. అది ఇంట్లో బియ్యానికి."

"మరి డ్రాపౌట్లు? ఒప్పుకుని రానివాళ్లు?"

మేస్త్రీకి ప్రశ్న అర్థం కాలేదు. "యాడ దిగుతారు సార్? గుంటూరు దాంక బొలెరో ఆగదు."

వాడు దాన్ని నోట్సులో రాసుకున్నాడు. ఊళ్లో ఇప్పుడెవరుంటారని నేనడిగాను. ముసలోళ్లు, గొళ్లేలు అన్నాడాయన. పిల్లోళ్లు గూడా మాతోనే వస్తారు, ఇస్కూలు మళ్లొచ్చినాక చూసుకోవల్ల అన్నాడు. అది మా వాడు రాసుకోలేదు.

పోతూ పోతూ మేస్త్రీ గుమ్మం దగ్గర ఆగి, "సార్, నువ్వెంతమందిని ఎక్కించినావు ఈ మూడు నెలల్లో?" అని మర్యాదగానే అడిగాడు.

"ఒకర్ని. సోమవారం చేరతాడు."

సోమవారం ఆ ఒకడి ఫోను స్విచాఫ్. పాత కంపెనీవాళ్లు జీతం పెంచి కూర్చోబెట్టుకున్నారట. ఆఫర్ ఒప్పుకున్నరోజు ఆ ఒకడు పంపిన దండం బొమ్మ వైపు మా వాడు చాలాసేపు చూశాడు. సాయంత్రం మేస్త్రీ గుంటూరు నుంచి ఫోన్ చేసి, మనిషి దిగినాడా అని అడిగాడు. రాలేదంటే నొచ్చుకున్నాడు. తన ముఠాలో డిగ్రీ పాసైన పిల్లోడొకడు మిరపకాయలు కోస్తున్నాడని, కంప్యూటరు గూడా వచ్చని, కావాలంటే ఆ రాత్రికే బస్సెక్కిస్తానని అన్నాడు.

"రెజ్యూమె పంపమను" అన్నాడు మా డైరెక్టరు.

పిల్లోడు చేలగట్టు మీదనుంచి ఫోన్లోనే తయారుచేసి పంపాడు. ఆరు వారాలైంది. మొన్న నేను గుర్తుచేస్తే, పైప్‌లైన్‌లో ఉందన్నాడు. మా ఆవిడ బిందె తీసింది.