ముందు పోసిన నారు ముందు కాయదు

"ఎంత ముందు నారు పోస్తే అంత ముందు కాపు" అని చలి ప్రాంతాల్లో కూరగాయలు పండించే చిన్న రైతుల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. చలికాలం సగంలోనే అన్ని విత్తనాలూ ఒకేసారి ట్రేల్లో పోసెయ్యండి, వెచ్చగా ఉంచండి, రోజూ నీళ్ళు పొయ్యండి, చివరి ఫ్రాస్ట్ (ఆకుల మీద మంచు గడ్డకట్టేంత చలి) తేదీ దాటిన మర్నాడే నాటెయ్యండి, ఇంతే అందులో ఉన్నది. వినడానికి బానే ఉంటుంది గానీ ఇది నమ్మితే సీజన్ మొదట్లోనే దెబ్బ పడుతుంది, అందుకే ఒక్కో మాటా తీసి చెప్తున్నాను.

"అన్నీ ఒకేసారి" అన్న దగ్గరే తేడా కొడుతుంది. పొలంలో నాటడానికి ఉల్లిని 10-12 వారాల ముందు పోసుకోవాలి, మిరప, క్యాప్సికమ్ 8-10, టమాటా 6-8, క్యాబేజీ, బ్రకోలీకి 4-6 చాలు. దోస, గుమ్మడి లాంటి తీగజాతులైతే 3-4 వారాలు దాటనివ్వకూడదు, వాటి వేరు కదిలిస్తే అస్సలు ఓర్చుకోదు. అన్నీ ఒకే రోజు పోస్తే ఉల్లి నాటుకి వచ్చేసరికి దోస ట్రేలోనే తీగ సాగి పక్క మొక్కల్ని చుట్టేసుకుని ఉంటుంది.

ఇక అసలు మాట, ముందు పోస్తే ముందు కాపు అన్నది. ముదురు నారు ఎలా ఉంటుందో ఒక టమాటా మొక్కని ట్రేలోంచి మెల్లగా లాగి చూడండి, మట్టి కనపడనంతగా తెల్లటి వేళ్ళు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి, కింది ఆకులు పసుపెక్కి ఉంటాయి, పైన అప్పుడే పూత. చూసినవాళ్ళు అబ్బా పూత వచ్చేసిందే అని సంబరపడతారు, కానీ అది పొలంలోకి వెళ్ళాక కొత్త వేరు పట్టేదాకా ఎదుగూ బొదుగూ లేకుండా అలాగే నిలబడిపోతుంది, ఈలోపు ఆలస్యంగా పోసిన పొట్టి, లావు కాండం నారు దాన్ని అందుకుని చాలాసార్లు దాటిపోతుంది కూడా. బ్రకోలీ ముదిరితే ఇంకా నష్టం, మొక్క ఎదగకుండానే బొత్తాం అంత పువ్వు వేసి ఊరుకుంటుంది. క్యాబేజీ, ఉల్లి అయితే కాండం పెన్సిల్ లావు దాటాక కొన్ని వారాలు 10 డిగ్రీల లోపు చలి తగిలిందా, గడ్డ కట్టాల్సింది పోయి పూకాడ లేస్తుంది. అదను అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

"వెచ్చగా ఉంచండి" సగం నిజం. విత్తనం మొలవడానికి వెచ్చదనం కావాలి, టమాటాకి మట్టి 25-29 డిగ్రీలుంటే చకచకా లేస్తుంది. మొలిచాక మాత్రం పగలు 18-21, రాత్రి 15-17 చాలు. చలికాలపు కిటికీ వెలుతురు అసలే తక్కువ, దానికి వెచ్చదనం తోడైతే మొక్క వెలుతురు కోసం సన్నగా సాగి వాలిపోతుంది. ఆ పొడవు చూసి బలం అనుకోవద్దు! రోజుకి 14-16 గంటలు ఎల్ఈడీ లైటు దగ్గరగా పెడితే గట్టి నారొస్తుంది.

రోజూ నీళ్ళంటారా, వద్దండి. నారుకుళ్ళు తెచ్చే పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవులకి ఎప్పుడూ తడిగా ఉండే మట్టే కావాలి. మట్టిని తాకే చోట కాండం నొక్కేసినట్టు సన్నబడి సాయంత్రానికి పడిపోతుంది. ట్రే ఎత్తి చూసి తేలిగ్గా ఉంటేనే పొయ్యండి, అదీ పొద్దున్నే.

చివరి ఫ్రాస్ట్ తేదీ సంగతి. అది ఎక్కువచోట్ల సగటు తేదీ, అంటే దాదాపు సగం ఏళ్ళలో దాని తర్వాత కూడా ఫ్రాస్ట్ పడుతుంది. పైగా వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరు మనిషెత్తు దగ్గర ఉంటుంది, మబ్బు, గాలి లేని రాత్రి నేల మీద చలి అంతకన్నా ఎక్కువ. ఫ్రాస్ట్ పడకపోయినా 10 డిగ్రీల లోపు రాత్రులు వరసగా వస్తే టమాటా, మిరప, దోస దెబ్బతింటాయి. తేదీ కాదు, పొద్దున్నే మట్టిలో థర్మామీటరు గుచ్చండి, టమాటాకి 15, మిరపకి 18 డిగ్రీలు వచ్చాకే నాటండి. అంతకుముందు 7-10 రోజులు నారుని గాలికీ ఎండకీ కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి, నేరుగా బయటపెడితే ఆకులు తెల్లగా మాడిపోతాయి.

ఇప్పటికే ముందుగా పోసేసినవాళ్ళు కంగారు పడక్కర్లేదు. టమాటాని పెద్ద కుండీలోకి మార్చి కాండం లోతుగా పూడ్చండి, పూడ్చినంత మేరా వేళ్ళు వస్తాయి. దోస ముదిరిపోతే మాత్రం ట్రే ఖాళీ చేసి మళ్ళీ విత్తనం పెట్టండి, మూడు నాలుగు వారాల్లో కొత్త నారు చేతికొస్తుంది.