కదలని బల్లకు తీగ లేని మౌస్ ఎందుకు?

నిన్న మధ్యాహ్నం దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రీ కూతురూ మా దుకాణానికి వచ్చారు. అమ్మాయికి డిగ్రీ ప్రవేశాల వెబ్ ఆప్షన్లు పెట్టాలి. అంతకుముందే తమకు దగ్గరలోని ఒక సెంటర్‌లో గంటన్నర కూర్చున్నారట. గడిలో టిక్ పెడితే పడినట్టే పడి మాయమవుతోందని, చివరికి సైటు పని చేయడం లేదని చెప్పి పంపేశారని ఆ అమ్మాయి దిగులుగా చెప్పింది. సైటు బాగానే ఉంది. నా దగ్గర పదిహేను నిమిషాల్లో పని ముగిసింది. చెడిపోయింది ఆ సెంటర్‌లోని మౌస్. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు కంప్యూటర్‌కు చెబుతోంది. మొదటి నొక్కుకు టిక్ పడుతుంది, రెండో నొక్కుకు పోతుంది. దీనికోసం ఆ తండ్రి ఒక రోజు కూలి వదులుకుని నల్లగొండ దాకా బస్సులో వచ్చాడు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పదహారేళ్లుగా డీటీపీ, ఆన్‌లైన్ దరఖాస్తుల పని చేస్తున్నాను. కంప్యూటర్ కొనడానికి సలహా అడిగేవాళ్లు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, హార్డ్ డిస్కా ఎస్ఎస్‌డీనా అని అన్నీ అడుగుతారు. చివరికి వచ్చేసరికి "మౌస్ ఏదో ఒకటి వేయండి అన్నా" అంటారు. నలభై వేలు పెట్టి కొన్న యంత్రంలో రోజంతా మన చెయ్యి ఉండేది దాని మీదే. మన చేతి పని ముందు దాని గుండానే లోపలికి వెళ్తుంది. అలాంటిది "ఏదో ఒకటి" ఎలా అవుతుంది?

ఇక "ఏదో ఒకటి" అంటే ఈ మధ్య అందరూ వైర్‌లెస్ మౌస్ చేతిలో పెడుతున్నారు. వైర్‌లెస్ అంటే కొత్తది, వైర్ ఉన్నదంటే పాతది అన్న భావన జనంలో నాటుకుపోయింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బల్ల కదలదు, సీపీయూ కదలదు, మనిషి కుర్చీ కదలదు. అలాంటి చోట వైర్ ఉన్న మౌస్ కొనండి. వైర్‌లెస్‌తో అక్కడ మీకు ఒరిగేది ఏమీ లేదు. సెల్లు అయిపోవడం, రిసీవర్ (మౌస్ సిగ్నల్ అందుకోవడానికి కంప్యూటర్‌కు గుచ్చే చిన్న ముక్క) పోవడం, సిగ్నల్ తెగడం అనే మూడు కొత్త చిక్కులు మాత్రం ఇంటికి వస్తాయి. చవక రకాల్లో గోరంత రిసీవర్ పోయిందంటే మౌస్ మొత్తం పోయినట్టే. కొన్ని కంపెనీలే వేరే రిసీవర్‌తో జత చేసుకునే వీలు ఇస్తాయి.

సిగ్నల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గుమస్తా ఆరు నెలల్లో మూడు వైర్‌లెస్ మౌస్‌లు మార్చాడు. మూడింటికీ ఒకటే రోగం. పాయింటర్, అంటే తెర మీది బాణం గుర్తు, ఆగి ఆగి కదులుతుంది, ఒక్కోసారి నొక్కు అసలు పడదు. వెళ్లి చూశాను. ఇనుప సీపీయూ బల్ల కింద ఉంది. రిసీవర్ దాని వెనుక భాగంలో, నీలం రంగు యూఎస్‌బీ రంధ్రంలో ఉంది. పక్క రంధ్రంలో బ్యాకప్ తీసే హార్డ్ డిస్క్. నీలం రంధ్రం అంటే సాధారణంగా యూఎస్‌బీ 3.0 అనే వేగమైన రకం. అది పని చేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తుంది. ఈ మౌస్‌లు మాట్లాడుకునేది కూడా ఆ 2.4 గిగాహెర్ట్జ్ మీదే. ఈ విషయాన్ని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. మౌస్‌లు మూడూ బాగానే ఉన్నాయి. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ తెచ్చి, రిసీవర్‌ను బల్ల మీదికి, మౌస్‌కు జానెడు దూరంలోకి తెచ్చాను. అంతటితో బాధ తీరింది. తీగ వద్దని వైర్‌లెస్ కొని, అది పని చేయడానికి మళ్లీ తీగ కొనాల్సి వచ్చింది. ఆ బల్లకు మొదటి రోజే వైర్ మౌస్ పెట్టి ఉంటే ఆ గుమస్తా ఆరు నెలలు యజమాని చేత మాటలు పడేవాడు కాదు.

ఆధార్, బ్యాంకు, రిజిస్ట్రేషన్ పనులు చేసే సెంటర్ల వాళ్లు ఇంకో మాట కూడా వినాలి. బ్లూటూత్ కాకుండా సొంత రిసీవర్‌తో నడిచే అనేక కంపెనీల మౌస్‌లలో లోపం ఉందని, దూరం నుంచే ఆ రిసీవర్‌కు దొంగ కీబోర్డు ఆదేశాలు పంపవచ్చని 2016లో భద్రతా పరిశోధకులు చేసి చూపించారు. ప్రతి మౌస్‌లో ఆ లోపం ఉండదు. అయినా పదిమంది వివరాలు మన చేతిలో ఉన్నప్పుడు తీగే నాకు ధైర్యం.

వైర్‌లెస్ ఎవరికీ వద్దని నేను అనడం లేదు. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని తిరిగేవాళ్లకు, తరగతి గదిలో ప్రొజెక్టర్ ముందు నిలబడి పాఠం చెప్పే టీచర్లకు అది అవసరమే. మరొకరున్నారు. నా దగ్గర టైపింగ్ చేసే ఒక పెద్దాయనది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఆయన మోచేయి పూర్తిగా చాపుకు రాదు. తీగ బల్ల అంచుకు తగిలి లాగిన ప్రతిసారీ ఆయనకు నొప్పి. ఆయనకు నేనే వైర్‌లెస్ కొనిచ్చాను, అదీ బరువు చూసి. మామూలు పెన్సిల్ సెల్లు ఒక్కటే ఇరవై గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, సన్న సెల్లు అందులో సగం. కాబట్టి సన్న సెల్లు రకం తీసుకున్నాను. చెయ్యిని చూసి కొనడమంటే నా ఉద్దేశం ఇది.

ఇప్పుడు నిన్నటి రోగానికి వస్తాను. బొత్తాము కింద చిన్న స్విచ్చి ఉంటుంది. అందులో సన్నని లోహపు రేకు వంగి, కింది బిందువును తాకి, తిరిగి లేస్తుంది. లక్షలసార్లు వంగాక దాని బిగువు తగ్గుతుంది, తాకే చోట మురికి పొర కడుతుంది. అప్పుడు తాకినప్పుడల్లా వణుకుతుంది. చిన్న వణుకును లోపలి చిప్ పట్టించుకోదు. వణుకు పెద్దదైతే దాన్నే రెండో నొక్కుగా లెక్కవేస్తుంది. కొన్ని పెట్టెల మీద కోటి క్లిక్కులని రాసి ఉంటుంది. రోజుకు అయిదు వేలసార్లు నొక్కే బల్ల మీద కోటి అంటే రెండు వేల రోజులు. ఏమీ రాయని చవక మౌస్ మా దుకాణంలో ఏడాది నిలిస్తే గొప్ప.

పరీక్ష సులువు. ఏదైనా ఫోల్డర్ మీద ఒక్కసారి నొక్కి ఆగండి, మళ్లీ కాసేపటికి ఒక్కసారి నొక్కండి. ఇలా ఇరవైసార్లు చేస్తే అందులో ఒక్కసారైనా ఫోల్డర్ తెరుచుకుందంటే స్విచ్చి పోయినట్టే. మౌస్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి చూడండి, రోగం దానితోపాటు వెళ్తే ఇక అనుమానం అక్కర్లేదు. బాగుచేయడానికి మౌస్ విప్పాలంటే, స్క్రూలు సాధారణంగా అడుగున అంటించిన నున్నటి పాదాల కిందో, లేబుల్ కిందో దాగి ఉంటాయి. కుడి బొత్తాము వాడకం తక్కువ కాబట్టి దాని స్విచ్చి గట్టిగానే ఉంటుంది. రెండూ ఒకే రకమైతే సోల్డరింగ్‌తో కుడిదాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి మార్చితే మౌస్‌కు మళ్లీ ఆయుష్షు వస్తుంది. టీవీలు బాగుచేసే వాళ్లెవరైనా ఈ పని చేసిపెడతారు.

పాయింటర్ గెంతుతోందని తెచ్చే మౌస్‌లలో సగానికి సగం అసలు చెడిపోయినవే కావు. మన ఆఫీసుల్లో బల్ల మీద అద్దం, అద్దం కింద దేవుడి పటాలు, విజిటింగ్ కార్డులు ఉంటాయి కదా. మౌస్ అడుగున ఉన్న చిన్న కెమెరా కింది ఉపరితలాన్ని సెకనుకు వెయ్యికి పైగా చిత్రాలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి ఎటు కదిలామో తెలుసుకుంటుంది. అద్దంలో దానికి పట్టు దొరకదు. మెరుపు లేని ఒక అట్ట ముక్క వేయండి చాలు. పెళ్లి పత్రికల అట్ట నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది, అడిగినవాళ్లకు కత్తిరించి ఇస్తాను.

బడుల వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఏప్రిల్ చివర కంప్యూటర్ గదికి తాళం వేసేటప్పుడు వైర్‌లెస్ మౌస్‌లలోంచి సెల్లు తీసేయండి. మన ఎండలకు మూసిన గది ఎంత కాగుతుందో తెలుసు కదా. జూన్‌లో తెరిస్తే సెల్లు కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. ఆల్కలైన్ రకం సెల్లయితే అది క్షారం. చేతికి అంటకుండా, నిమ్మరసంలో ముంచి పిండిన దూదితో తుడిచి, తర్వాత తడిబట్టతో తుడిచి బాగా ఆరబెడితే చాలావరకు బాగవుతుంది. పది మౌస్‌లు చెత్తబుట్టలో వేసి కొత్తవి కావాలని అర్జీ పెట్టకండి.

కాసేపు వాడకపోతే మౌస్ నిద్రపోయి లేవడం లేదంటే, విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ హబ్ కింద విద్యుత్తు ఆదా కోసం దాన్ని ఆపే గడి ఉంటుంది, అందులో టిక్ తీసేయండి. వైర్ మౌస్ ఉండి ఉండి ఆగిపోతుంటే తీగ మౌస్‌లోకి దిగే మెడ దగ్గర వేళ్లతో మెల్లగా వంచి చూడండి, తెగేది ఎక్కువగా అక్కడే.

సెంటర్లు నడిపే అన్నలకు, తమ్ముళ్లకు నా విన్నపం. ఎదురుగా మనిషి కూర్చుని ఉండగా మౌస్ మొరాయిస్తే "రేపు రండి" అనకండి. విండోస్‌లో ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ కలిపి నొక్కి, అడిగితే సరేనంటే కీబోర్డు కుడివైపున ఉన్న అంకెల మీటలే మౌస్‌గా పని చేస్తాయి. అయిదు నొక్కితే క్లిక్, చుట్టూ ఉన్న అంకెలతో పాయింటర్ కదులుతుంది. నిదానమే, కానీ ఆ ఒక్క దరఖాస్తు పూర్తవుతుంది. ఇంకా మంచిది, ఒక వైర్ మౌస్ కొని బల్ల సొరుగులో ఉంచుకోండి. పాడైనవాటిని పారేయకండి. క్లాక్ టవర్ వైపు వచ్చినప్పుడు నాకు ఇవ్వండి, రెండింటి స్విచ్చిలు కలిపి ఒకటి బాగుచేసి ఇస్తాను.