కథ లేని నాటకానికి కథ కట్టేది వినేవాళ్ళే

న్యూయార్క్‌లోని డబ్ల్యూపీఏ థియేటర్ అనే చిన్న ఆఫ్-బ్రాడ్‌వే (బ్రాడ్‌వే పెద్ద థియేటర్ల కంటే చిన్నస్థాయి) వేదిక మీద 1995 అక్టోబర్‌లో 'సాంగ్స్ ఫర్ ఎ న్యూ వరల్డ్' అనే సంగీత నాటకం మొదలైంది. ఆడింది 28 ప్రదర్శనలే. పాటలు రాసి బాణీలు కట్టిన జేసన్ రాబర్ట్ బ్రౌన్‌కు అప్పటికి పాతికేళ్ళు. మ్యూజిక్ కాలేజీ మధ్యలో వదిలేసి న్యూయార్క్ చేరి, పియానో బార్లలో వాయిస్తూ పొట్ట పోసుకున్న కుర్రాడు. దర్శకురాలు డైసీ ప్రిన్స్. మామూలుగా అయితే ఇలాంటి షోను ఒకటి రెండేళ్ళలో జనం మర్చిపోతారు. మరుసటి ఏడాది ఆర్‌సీఏ విక్టర్ అనే రికార్డు కంపెనీ తెచ్చిన రికార్డింగ్ దాన్ని బతికించింది. థియేటర్‌లో చూసినవాళ్ళు కొద్దిమంది. రికార్డు విని, పాటలు నేర్చుకుని, కాలేజీ స్టేజీల మీదా ఆడిషన్లలోనూ పాడినవాళ్ళకు లెక్కే లేదు. అందుకే నా దృష్టిలో ఇది నాటకం కంటే ముందు ఒక రికార్డు. దీని బాగోగులు కూడా వినేవాళ్ళ వైపు నుంచే చూడాలి.

మొదటిసారి విన్నవాళ్ళలో చాలామంది అడిగే మాట ఒకటే: ఇంతకీ కథేంటి? న్యాయమైన ప్రశ్నే. నలుగురు గాయకులు, పదిహేనుకు పైగా పాటలు. పాత్రలకు పేర్లు లేవు. స్క్రిప్టులో మొదటి పురుషుడు, రెండో పురుషుడు, మొదటి స్త్రీ, రెండో స్త్రీ అని మాత్రమే ఉంటుంది. 1492లో స్పెయిన్ నుంచి బయల్దేరిన ఓడ మీద ప్రార్థిస్తున్న మనుషుల నుంచి, ఫిఫ్త్ అవెన్యూలో 57 అంతస్తుల ఎత్తున గోడ అంచు మీద నిలబడి మొగుణ్ణి బెదిరిస్తున్న భార్య దగ్గరికి వచ్చేస్తాం. ఆ తర్వాత బాస్కెట్‌బాల్‌తో బయటపడాలనుకునే బస్తీ కుర్రాడు వస్తాడు, ఇంకాస్త ముందుకెళ్తే జైల్లో ఉన్న ఖైదీ. ఒకరితో ఒకరికి సంబంధం లేదు.

బ్రౌన్ మాత్రం ఇదంతా ఒకే ఒక్క క్షణం గురించి అంటాడు. దారి మూసుకుపోయి ఎదురుగా గోడ కనబడినప్పుడు మనిషి తేల్చుకోవాల్సిన క్షణం. తెగించి నిలబడాలా, వెనక్కి తిరిగి పోవాలా? ఈ మాట తెలిశాక పాటల మధ్య దారం కనబడుతుంది. తెలియకపోయినా పెద్ద నష్టం లేదు. సినిమా రాకముందే ఆడియో క్యాసెట్ కొని, కథ ఏమాత్రం తెలియకుండా, హీరో ఎందుకు ఏడుస్తున్నాడో మనమే ఊహించుకున్న తరం మనది. సినిమా వచ్చాక ఆ ఊహ చెదిరిపోయేది. ఈ రికార్డులో ఆ ఊహను చెరపడానికి తర్వాత వచ్చే సినిమా ఏదీ లేదు. మనం ఏది కట్టుకుంటే అదే కథ.

ఇందులో అందరికీ తెలిసిన పాట 'స్టార్స్ అండ్ ద మూన్'. 1998లో బ్రాడ్‌వే గాయని ఆడ్రా మెక్‌డొనాల్డ్ తన ఆల్బమ్‌లో పాడాక అది ఇంకా దూరం పోయింది. ఒకావిడ తన జీవితంలోకి వచ్చిన ముగ్గురు మగవాళ్ళ గురించి చెబుతుంది. మొదటివాడి దగ్గర చిల్లిగవ్వ లేదు, కానీ చుక్కల్నీ చందమామనీ ఇస్తానంటాడు. రెండోవాడు పెళ్ళాం పిల్లల్ని వదిలేసి రోడ్డు పట్టుకుని తిరిగేవాడు. అతను ఇస్తానన్నది కలలూ ప్రయాణాలూ. ఇద్దరినీ కాదంటుంది. మూడోవాడు ముప్పై ఏళ్ళకే పనిచేయనక్కర్లేనంత డబ్బున్నవాడు. అతణ్ణి చేసుకుంటుంది, కోరుకున్నవన్నీ దొరుకుతాయి. ఏళ్ళు గడిచాక ఒకరోజు హఠాత్తుగా తెలిసొస్తుంది, చందమామ తనకు ఇక ఎప్పటికీ దొరకదని.

ఈ పాట దగ్గర శ్రోతలు చీలిపోతారు. డబ్బు వెంట పడి ప్రేమను పోగొట్టుకున్న మనిషి పశ్చాత్తాపంగా కన్నీళ్ళతో వినేవాళ్ళు ఎక్కువ. భద్రత కోరుకున్నందుకు ఆడదానికి శిక్ష వేశారని కోపం తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది. పెళ్ళాం పిల్లల్ని వదిలేసి వచ్చినవాణ్ణి నమ్మకపోవడం తప్పెలా అవుతుంది? అయితే పాట ఆమెను బోనెక్కించిందని నేను అనుకోను. చివరి మాట దగ్గర బాణీ తీర్పు చెప్పదు, ఓదార్చదు, అక్కడే ఆగిపోతుంది. స్టేజీ మీదైతే ఆ నటి వయసు, బట్టలు, నిలబడిన తీరు మనకు ఒక అభిప్రాయం ఇచ్చేస్తాయి. రికార్డులో ఉన్నది గొంతు ఒక్కటే. అందుకే పాతికేళ్ళప్పుడు విన్న పాటే యాభైలో వేరుగా వినబడుతుంది.

కథ కట్టేది వినేవాళ్ళేననడానికి ఇంతకంటే గట్టి రుజువు ఆల్బమ్ చివర్లో ఉంది. 'ద ఫ్లాగ్‌మేకర్, 1775'లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి వెళ్ళిన భర్త కోసం, కొడుకు కోసం ఎదురుచూస్తూ ఒక తల్లి జెండా కుడుతుంటుంది. భయాన్ని ఆపుకోవడానికి ఆమెకున్న పని ఆ కుట్టు ఒక్కటే. వెంటనే వచ్చే 'ఫ్లయింగ్ హోమ్'లో చనిపోయిన మనిషి ఇంటికి ఎగిరొస్తున్నానని పాడతాడు. అతను ఆమె కొడుకేనని ఎవరూ చెప్పరు. రెండు పాటలూ ఒకదాని వెంట ఒకటి విన్నవాళ్ళకు మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. ఎదురుచూపుకు జవాబు వచ్చింది, కానీ ఆ జవాబు ఆమెకు వినబడలేదు, మనకే వినబడింది. ఆ బరువు మీద వస్తుంది కాబట్టే, నలుగురూ కలిసి జోలపాటలా పాడే ఆఖరి 'హియర్ మై సాంగ్' నిజమైన ధైర్యంలా అనిపిస్తుంది. అదే పాట విడిగా వింటే కాస్త చప్పగా ఉంటుంది.

స్ట్రీమింగ్ వచ్చాక జరుగుతున్న నష్టం ఇక్కడే. పాటల వరస కలిపేసే షఫుల్ నొక్కితే తల్లి ఒకచోట, కొడుకు ఇంకోచోట పడతారు. నాలుగు హిట్ పాటల ప్లేలిస్టు వినేవాళ్ళకు మధ్యలో ఇంకేదో ఉందని కూడా తెలియదు.

అన్ని పాటలకూ రికార్డు మేలు చేసిందని అనను. శాంతాక్లాజ్ భార్య మొగుడి మీద విరుచుకుపడే 'సురబాయా-శాంటా' జర్మన్ స్వరకర్త కుర్ట్ వైల్ పాత పాట 'సురబాయా జానీ'కి పేరడీ. ఆ మూలం తెలిస్తేనే సగం నవ్వు వస్తుంది, మిగతా సగం నటి చేష్టల్లో ఉంది. ఒట్టి వినికిడిలో అది సాగదీసినట్టే ఉంటుంది.

గొంతుల విషయంలోనూ రికార్డుదే పైచేయి అయింది. 1995లో వేదిక మీద మొదటి పురుషుడిగా పాడింది బిల్లీ పోర్టర్, తర్వాత 2013లో 'కింకీ బూట్స్' అనే సంగీత నాటకానికి బ్రాడ్‌వే అవార్డు టోనీ అందుకున్నాయన. రికార్డులో ఆ చోట వినబడేది టై టేలర్. కాబట్టి మూడు దశాబ్దాలుగా శ్రోతల చెవుల్లో నిలిచిన గొంతు వేదిక మీద తొలిసారి పాడిన గొంతు కాదు. 2018లో న్యూయార్క్ సిటీ సెంటర్‌లో షో మళ్ళీ వేశారు. ఆ బృందంతో కూడా రికార్డింగ్ వచ్చింది, అందులో మొదటి పురుషుడి పాటలు మైకల్ కిల్‌గోర్ పాడాడు. పాతదా, కొత్తదా ఏది గొప్ప అన్న వాదన దాంతో మొదలైంది. ఎక్కువమంది ఏది ముందు విన్నారో దాని పక్షమే వహిస్తారు. తప్పేం కాదు, వాళ్ళ కథ ఆ గొంతులతోనే కట్టుకున్నారు కదా.

ఇప్పటిదాకా విననివాళ్ళు 1996 రికార్డుతో మొదలుపెట్టండి. షఫుల్ ఆపేసి, మొదటి పాట నుంచి వరసగా వినండి. 2018 బృందం రికార్డు ఆ తర్వాత. ముఖ్యంగా జెండా కుట్టే తల్లి పాట నుంచి చివరిదాకా, మధ్యలో ఆపకుండా.