తృతీయా విభక్తిలో పోయిన మామిడి తోట

ముప్పై రెండేళ్లు చిత్తూరు జిల్లా బడుల్లో తెలుగు చెప్పాను. డు, ము, వు, లు ప్రథమా విభక్తి దగ్గర మొదలుపెట్టి సప్తమి దాకా, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పే పిల్లల్ని తయారుచేశాను. దానివల్ల వాళ్లలో ఎవరికైనా పైసా లాభం వచ్చిందని నేను వినలేదు. నాకు మాత్రం నష్టం వచ్చింది. ఒక్క విభక్తి దెబ్బకు ఎకరా ఇరవై సెంట్ల తోతాపురి తోట పోయింది.

పోయిందంటే ఎక్కడికీ పోలేదు. బంగారుపాళ్యం అవతల గుట్ట కింద ఉన్నచోటే ఉంది. ఏటా కాయలు కూడా కాస్తోంది. మాకు తెలియకుండా రెండుసార్లు వేలంలో అమ్ముడుపోయింది, అంతే.

పెళ్లిలో మా మామగారు మా ఆవిడకు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన తోట అది. "పక్కనే గ్రానైటు క్వారీ ఉండాది అల్లుడూ, రేపు రోడ్డు పడతాది, రేటు యాడికో పోతాది" అన్నారు. ఆయన అన్నట్టే రోడ్డు పడింది. తర్వాత బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పేరు చెప్పి రేటు కూడా ఎక్కడికో పోయింది. రేటు వెంట తోట కూడా పోతుందని మాత్రం పాపం ఆయన అనుకోలేదు.

క్వారీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. గుట్ట సర్కారుది. కంపెనీకి ఉన్నది అందులో రాయి తీసుకునే లీజు మాత్రమే. గుట్ట కింద ఆఫీసు షెడ్డుకూ, బ్లాకులు పేర్చుకోవడానికీ వాళ్లు సొంతంగా కొన్నది మూడెకరాల పట్టా భూమి. దానికి దక్షిణాన మా తోట. మొదటి కంపెనీ ఆ మూడెకరాలూ, క్రేనూ, కంప్రెసరూ బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు తెచ్చింది. రాయి పోయినన్నాళ్లు పోయింది, తర్వాత వాయిదాలు ఆగాయి. బ్యాంకు వాళ్లు 2002 నాటి సర్ఫేసీ చట్టం తీశారు. ఆ చట్టం ఉంటే కోర్టు గడప తొక్కకుండానే తాకట్టు ఆస్తిని వేలం వేయొచ్చు. కాకపోతే రెండు పేపర్లలో ప్రకటన ఇవ్వాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి.

నా కొంప ముంచింది ఆ స్థానిక భాషే.

కంపెనీ అసలు దస్తావేజులో చెక్కుబందీ శుభ్రంగా ఉంది. తూర్పు గుట్ట, పడమర బండి బాట, ఉత్తరం వంక, దక్షిణం మామిడి తోట. అన్నీ ప్రథమా విభక్తిలో, ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి. ఈ నాలుగు ముక్కలూ బ్యాంకు కోసం ఇంగ్లీషులోకి వెళ్లి, పేపరు కోసం మళ్లీ తెలుగులోకి వచ్చేసరికి ఇలా తయారయ్యాయి: "దక్షిణమున మామిడి తోటతో మూడు ఎకరముల భూమి, షెడ్డు, కాటా మరియు యంత్రములు." హద్దుగా బయలుదేరిన తోట ఆస్తిగా తిరిగొచ్చింది. చేతన్, చేన్, తోడన్, తోన్. మా ఆవిడ యొక్క తోట కదా అని నేను షష్ఠీ విభక్తిని నమ్ముకుని కూర్చున్నాను, తృతీయ వచ్చి ఎత్తుకుపోయింది.

ఆ ప్రకటన నేను చదవలేదు. పేపర్లో నేను చదవనిది ఆ పేజీ ఒక్కటే. బహుశా దాన్ని మా ఆవిడ వడియాల కింద పరిచి ఉంటుంది.

రెండో కంపెనీ చెన్నైది. కొన్నది, కొన్నాళ్లు తవ్వింది, అదీ దివాలా తీసింది. ఈసారి 2016 నాటి దివాలా చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లింది. కంపెనీని బతికించడానికి 180 రోజులు, కుదరకపోతే ఇంకో 90, ఎంత లాగినా మొత్తం 330 రోజులు ఇస్తారట. అప్పటికీ లేవకపోతే లిక్విడేషన్, అంటే ఉన్నది అమ్మి అప్పులవాళ్లకు పంచడం. ఆ అమ్మకానికి కాగితాలు తయారుచేసిన మనిషి ఎవరో గాని చాలా తర్కం తెలిసినవాడు. మామిడి తోట కంపెనీదే అయినప్పుడు అది హద్దు ఎలా అవుతుంది? తోట దాటి ఏముందో చూసి "దక్షిణం: తారు రోడ్డు" అని రాసేశాడు. కాణిపాకం వినాయకుడు పెరుగుతూ ఉంటాడని మా జిల్లాలో అందరికీ తెలుసు. ఆయన తర్వాత అలా పెరిగింది మా పక్క క్వారీయే.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా 2022లో తోటను గుత్తకు తీసుకునేవాడు రాలేదని. జూన్‌లో ఒక ఆదివారం మా ఆవిడ రెండు గోనెసంచులు మడిచి స్కూటరు ముందు పెట్టింది.

తీరా వెళితే తోట చుట్టూ ముళ్లకంచె ఉంది. క్వారీ గేటు దగ్గర నాలుగు కార్లు, ఒక షామియానా. ఇన్‌షర్టు చేసుకున్న కుర్రాడొకడు ఎదురొచ్చి "రండి సార్, రండి మేడమ్, మీకోసమే చూస్తున్నాం" అన్నాడు. పెన్షనరుకు ఇలాంటి మర్యాద అరుదు. ఎందుకు చూస్తున్నారని అడిగే లోపల టీ ఇచ్చారు, జీడిపప్పు బిస్కెట్లు ఇచ్చారు. పక్కన బల్ల మీద రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను. ముప్పై రెండేళ్లు రోజూ పొద్దున హాజరు పట్టీలో సంతకం పెట్టినవాణ్ని. అలాంటి బల్ల కనిపిస్తే నా చెయ్యి నన్ను అడగదు. పేరు రాసి, సంతకం చేసి, కింద టైము కూడా వేశాను.

కుర్రాడు మమ్మల్ని తిప్పి చూపించాడు.

"సార్, దీన్ని నడుస్తున్న సంస్థగా అమ్ముతున్నాం."

క్రేను మీద దూసర తీగ పాకి పైదాకా వెళ్లింది. కాటా పళ్లెం మీద గడ్డి మొలిచింది. "ఏది నాయనా నడిచేది?" అన్నాను. మా వెనక వాచ్‌మన్ మేకలు నాలుగు నడిచి వెళ్లాయి.

"అమ్మకం మాత్రం ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోట ఉన్నట్టు, ఏదుంటే అదే అనే పద్ధతిలో సార్. తర్వాత అడగడానికి లేదు" అన్నాడు. ఇదే మాట మా పెళ్లిచూపుల్లో మా మామగారు కాస్త మర్యాదగా చెప్పారని గుర్తొచ్చింది గాని పక్కన మా ఆవిడ ఉంది.

కంచె తలుపు తీసి మా తోటలోకి తీసుకెళ్లాడు. "ఇది బోనస్ సార్. నలభై రెండు చెట్లు. కొట్టేస్తే ప్లాట్లు వేసుకోవచ్చు."

మా ఆవిడ ఆగిపోయింది. "ఎవరి తోట ఇది?"

"కంపెనీది మేడమ్."

ఆమె ఏమీ మాట్లాడకుండా మూడో చెట్టు దగ్గరికి వెళ్లి కిందికొమ్మ పట్టుకుని చూపించింది. బెరడు మీద వేలు పట్టేంత గాడి ఉంది. "నా ఉయ్యాల తాడు ఒరుసుకున్న చోటు ఇది నాయనా. మా నాయన కట్టినాడు. మీ కంపెనీ పుట్టిందెప్పుడు?"

కుర్రాడు నోట్‌బుక్కులో ఏదో రాసుకున్నాడు. తొంగి చూశాను. "మేడమ్‌కు తోట బాగా నచ్చినది."

ఆమె కొమ్మ వంచి కాయ కోయబోయేసరికి వాచ్‌మన్ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ముట్టుకోవద్దు. లిక్విడేటర్ సారు లెటరు కావాల." మా ఆవిడ గొంతు లేచింది, నాదీ లేచింది, షామియానా కింద ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. కొనేవాళ్ల మధ్య గొడవ ఎందుకనుకున్నాడేమో కుర్రాడు, వాచ్‌మన్ చేత నాలుగు కాయలు కోయించి మా చేతిలో పెట్టాడు. "శాంపిల్‌గా ఉంచండి సార్."

మా తోటలో మా మామ నాటిన చెట్టు కాయలు శాంపిల్‌గా తెచ్చుకుని, ఉప్పూ కారం అద్దుకుని తిన్నాం. పులుపు ఆ ఏడాది కాస్త ఎక్కువే.

ఈసీ, అంటే ఆస్తి మీద అమ్మకాలూ తాకట్లూ చూపించే కాగితం, తీయించాను. మా సర్వే నంబరు మీద మచ్చ లేదు. రెవెన్యూ రికార్డులు అడంగల్, 1బి మా ఆవిడ పేరుతోనే ఉన్నాయి. కాగితాల్లో తోట మాది, కంచె లోపల వాళ్లది. ఏం చెయ్యాలా అని నేను ఆలోచిస్తుండగానే వేలం అయిపోయి, కొనుక్కున్న మూడో కంపెనీ నుంచి రిజిస్టర్డు నోటీసు వచ్చింది. మేము తమ తోటలో దౌర్జన్యంగా ప్రవేశించి కాయలు కోయబోయామట. పైగా "తమరు సదరు ఆస్తిని స్వయముగా పరిశీలించి, కంపెనీ ఆస్తిగా తెలుసుకొని, తృప్తి చెందితిమని రిజిస్టరులో సంతకము చేసియున్నారు." జిరాక్సు జతపరిచారు. సంతకం నాదే, బ్రహ్మాండంగా ఉంది. కింద టైము కూడా ఉంది.

చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరు ఒకడు నా పాత శిష్యుడు. వ్యాకరణంలో ఎప్పుడూ ముప్పై దాటలేదు. కాగితాలన్నీ చదివి పడిపడి నవ్వాడు.

"అయ్యోరా, వాళ్ల వాదన గట్టిదే. విస్తీర్ణం ఒకటి, హద్దులు ఒకటి చెప్తే మామూలుగా హద్దులే నెగ్గుతాయి. మూడెకరాలని రాసినా రోడ్డు దాకా మాదే అంటారు."

"మరి మన సంగతి?"

"తనది కానిది ఎవడూ అమ్మలేడు. మొదటి కంపెనీకి లేని తోట బ్యాంకుకు ఎట్ట వస్తాది? బ్యాంకుకు రానిది రెండోవాడికి, మూడోవాడికి ఎట్ట పోతాది? నూరుమంది దివాలా తీసి నూరుసార్లు అమ్ముకున్నా అంతే." కాస్త ఆగాడు. "ఆ మాటకొస్తే వాళ్లకు గుట్టా లేదు. సర్కారు లీజు సంగతి దివాలా ట్రిబ్యునల్ తేల్చడానికి లేదని 2019లో కర్ణాటక గని కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఇక్కడ లీజు గడువు కూడా ఎప్పుడో అయిపోయింది. వాళ్లు కొన్నది మూడెకరాలు, తీగ పాకిన క్రేను."

"ఆ రిజిస్టర్లో నా సంతకం?"

"తోట ఎవరి పేరున ఉండాది?"

"మా ఆవిడ పేరున."

"అయితే మీ సంతకానికి విలువే లేదు అయ్యోరా!"

ఈ మాట మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా వింటున్నాను. విని సంతోషించడం అదే మొదటిసారి.

మా ఆవిడ పేరున దావా వేశాం. నాలుగు వాయిదాలు కూడా పడకముందే మూడో కంపెనీ దివాలాకు వెళ్లింది. దానితో మారటోరియం వచ్చింది. అంటే దివాలా తీసిన కంపెనీ మీద కొత్త దావా వేయకూడదు, నడుస్తున్నది ఆగిపోవాలి. వాళ్లు మాత్రం మనకు నోటీసులు పంపుకోవచ్చు. దండోపాయాలేవీ పనిచేయక నేను వాచ్‌మన్ దగ్గరికి వెళ్లాను.

మనిషి మంచివాడు. మొదటి కంపెనీ పెట్టిన వాచ్‌మన్. యజమానులు మారుతుంటే తాళంచెవులు మాత్రం ఇతని మొలతాడుకే ఉండిపోయాయి. వీళ్ల పెదనాయన చిగురుగుంట బంగారు గనిలో పనిచేసేవాడట. "కోలారు గనులు 2001లో మూసేసినప్పటి నుంచి చూస్తా ఉండా అయ్యోరా. కంపెనీ పోతాది, బోర్డు పోతాది, వాచ్‌మనే మిగిలేది" అన్నాడు. జీతం అందుతోందా అంటే నవ్వాడు. "ఫారం కట్టినా. దివాలా చట్టంలో సెక్షన్ 53 అంట. ఇరవై నాలుగు నెలల జీతం బ్యాంకోళ్లతో సమానంగా నాకియ్యాలంట. బ్యాంకోళ్లకే ఏమీ రాలేదు, వాళ్లతో సమానంగా నాకూ రాలేదు."

నేను ఒక ఉపాయం చెప్పాను. మా వైపు ఏ తగాదా అయినా చివరికి తేలేచోటు ఒకటుంది కదా, కాణిపాకంలో ప్రమాణం చేద్దాం అన్నాను. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి అబద్ధం చెప్పే ధైర్యం ఎవడికుంటుంది?

వాచ్‌మన్ బాగా ఆలోచించాడు. "మీరంటే మునుగుతారు. కంపెనీకి ఎవురు నీళ్లు పోస్తారు అయ్యోరా?"

ఈ మధ్యే ఆ కంపెనీ కూడా లిక్విడేషన్‌కు చేరింది. నిద్రపోయిన దావా కళ్లు నులుముకుంటోందని లాయరు ఫోన్ చేశాడు. వెనకే పేపర్లో వేలం ప్రకటన. ఈసారి భూతద్దం పెట్టి చదివాను. "దక్షిణమున తారు రోడ్డు మరియు టీ అంగడి" అని ఉంది. సాయంత్రానికల్లా టీ అంగడి ఆయన మా ఇంటికొచ్చి గడపలో కూర్చున్నాడు. పేపరు ముక్క నా చేతిలో పెట్టి, "అయ్యోరా, దీంట్లో నా అంగడి హద్దా, సరుకా?" అన్నాడు.

"ఇంకా ప్రథమలోనే ఉంది, ప్రస్తుతానికి భయం లేదు" అన్నాను. "వచ్చే వేలానికి జాగ్రత్త."

ఆస్తి చూపించే రోజు ఆదివారం పెట్టారు. ముందు రోజు రాత్రి వాచ్‌మన్ ఫోన్. "అమ్మతో చెప్పండి, కాయలు బాగా దిగినాయి. గేటు తీసేది రేపొక్కదినమే. కొనేవాళ్ల మాదిరి రాండి, శాంపిల్ కింద ఎంతన్నా కోసుకోవచ్చు. సంచులు పెద్దవి తెచ్చుకోండి."

వెళ్లాం. అదే షామియానా, కొత్త కుర్రాడు, అవే బిస్కెట్లు. బల్ల మీద కొత్త రిజిస్టరు, దారంతో కట్టిన పెన్ను. నా చెయ్యి లేచి అటు పోతుంటే మా ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపి, ఆ చేతిలో గోనెసంచి పెట్టింది.