ఆలస్యం అమృతం

‘ఆలస్యం అమృతం విషం’ అన్న పెద్దలకు అణుభౌతిక శాస్త్రం తెలీదు పాపం. ఆలస్యం చేస్తే అమృతం విషమవుతుందో లేదో గానీ, విషం మాత్రం సగమవుతుంది. ఈ రహస్యం కనిపెట్టి, ముప్ఫై ఏళ్లకు పైగా నిష్ఠగా ఆచరిస్తున్నది అమెరికా ఇంధన శాఖ. ఆచరించే క్షేత్రం వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్, ఒకప్పుడు అణుబాంబులకు ప్లుటోనియం వండిన చోటు. ఆ శాఖను తిట్టనివాళ్లు లేరు. మెచ్చుకునేవాడు ఒక్కడైనా ఉండాలి కదా అని నేను పూనుకున్నాను.

ముందు స్థలపురాణం. 1943లో కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫర్డ్, వైట్ బ్లఫ్స్ అనే రెండు పల్లెల్ని ఖాళీ చేయించారు. అక్టోబరులో ‘బి’ రియాక్టర్ పని మొదలైంది, మరుసటి ఏడు సెప్టెంబరుకల్లా అది నడిచింది. నాగసాకి మీద పడ్డ బాంబులోని ప్లుటోనియం ఇక్కడిదే. ఏడాది తిరక్కుండా ప్రపంచంలో ఎవరూ కట్టనిదాన్ని కట్టేశారు. అప్పట్లో పర్యావరణ అనుమతులు లేవు, ప్రజాభిప్రాయ సేకరణ లేదు, కాబట్టి గడువు తప్పే ప్రసక్తే రాలేదు. ఆ తర్వాత మొత్తం తొమ్మిది రియాక్టర్లు వచ్చాయి. 1987లో చివరిదీ ఆగింది. మిగిలింది ఎంగిలాకులు ఎత్తే పని.

ఆ ఎంగిలి, అంటే రేడియోధార్మిక వ్యర్థం, 177 భూగర్భ ట్యాంకుల్లో ఉంది. సుమారు 5 కోట్ల 60 లక్షల గాలన్లు, అంటే 21 కోట్ల లీటర్లు. కొంత ద్రవం, కొంత బురద, కొంత గడ్డకట్టిన ఉప్పు. 1989 మే నెలలో దీని మీద త్రిపక్ష ఒప్పందం కుదిరింది. మొదటి పక్షం, పాడుచేసిన ఇంధన శాఖ. రెండోది, దాన్ని అదిలించాల్సిన పర్యావరణ పరిరక్షణ సంస్థ. రెండూ కేంద్ర ప్రభుత్వానివే, కనుక జరిమానా పడినా డబ్బు ఇల్లు దాటిపోదు. మూడో పక్షం వాషింగ్టన్ రాష్ట్రం. ఆ మట్టీ, ఆ నీళ్లూ దానివి కాబట్టి అప్పుడప్పుడూ కోర్టుకెళ్లి విసిగిస్తుంటుంది. ముగ్గురూ కూర్చుని, ముప్ఫై ఏళ్లలో అంతా శుభ్రం అని రాసుకున్నారు.

ఆ ముప్ఫై ఏళ్లూ 2019లో నిండాయి.

అజ్ఞానులు దీన్ని వైఫల్యం అంటారు. వాళ్ల కోసం చిన్న లెక్క. ట్యాంకుల్లోని రేడియోధార్మికతలో సింహభాగం సీసియం-137దీ, స్ట్రాన్షియం-90దీ. రెంటి అర్ధాయువూ, అంటే దానంతటదే సగానికి తగ్గడానికి పట్టే కాలం, ముప్ఫై ఏళ్లకు అటూ ఇటూ. అంటే ఒప్పందం మీద సంతకాలు చేసిన నాటికి ఉన్న సీసియంలో సగానికి పైగా, ఎవరూ వేలు పెట్టకుండానే, టెండరు పిలవకుండానే అంతరించింది. ఈ మొత్తం వ్యవహారంలో చెప్పిన టైముకు చెప్పినంత పని చేసింది ఒక్క సీసియమే. దానికి గడువు పొడిగింపు అడిగే అలవాటు లేదు.

ఇక మనుషులు చేసిన పని. వ్యర్థాన్ని కరిగిన గాజులో కలిపి, ఉక్కు డబ్బాల్లో పోసి చల్లార్చే ఫ్యాక్టరీ కట్టాలనుకున్నారు. ఆలోచన మంచిదే, వెటకారం కాదు. గాజు కారదు, ఇంకదు. 2000లో అంచనా 430 కోట్ల డాలర్లు. 2002లో నిర్మాణం మొదలైంది. 2006 నాటికి అంచనా 1,220 కోట్లు దాటింది. మొదటి గాజు 2025 అక్టోబరులో వచ్చింది, అదీ తక్కువ తీవ్రత ఉన్న వ్యర్థంతో. అసలు ఘాటు సరుకు సంగతి చూసుకోవాల్సిన భాగం ఇంకా కడుతూనే ఉన్నారు. రియాక్టరుకు పట్టింది పదకొండు నెలలు, దాని మురికిలో పైపైది గాజు కావడానికి ఇరవై మూడేళ్లు. హడావుడి లేని పనిలో నాణ్యత ఉంటుంది మరి.

నా సిద్ధాంతానికి ఒక్క చిక్కుంది, దాచను. ట్యాంకులు ఆగడం లేదు. ఒకే గోడ ఉన్న పాతవి 149. వాటిలో 67 వరకూ ఎప్పుడో ఒకప్పుడు కారాయని అనుమానం, నేలలో కలిసింది పది లక్షల గాలన్లని అంచనా. బి-109 అనే ట్యాంకు కారుతోందని 2021 ఏప్రిల్‌లో చెప్పారు. యుద్ధకాలంలో కట్టిన ట్యాంకు అది, మనిషైతే పెన్షన్ తీసుకుంటుండేది.

2017 మేలో ఓ సొరంగం కూలింది. ప్లుటోనియం వేరుచేసే ప్యూరెక్స్ ప్లాంటు పక్కన 1950ల్లో దూలాలతో కట్టి, పాడైన రేడియోధార్మిక యంత్రాల్ని ఎనిమిది రైలు బోగీల కెక్కించి లోపలికి తోసి, తలుపేసిన సొరంగం. పైకప్పు ఇరవై అడుగుల మేర దిగబడింది. సిబ్బందిని గదుల్లోనే ఉండమన్నారు. తర్వాత లారీల కొద్దీ మట్టి తెచ్చి బొంద పూడ్చారు. ఆ తర్వాత సొరంగాన్నే కాంక్రీటు గుజ్జుతో నింపేశారు, బోగీలతో సహా. కంటికి కనబడనిది ఫైల్లో శుభ్రమైనట్టే లెక్క. ఈ సూత్రం మన మునిసిపాలిటీలకు నేర్పక్కర్లేదు.

జంతుజాలం మాత్రం ఒప్పందంలో పక్షం కాదు. 1998లో పండ్ల ఈగలు కాలుష్యం మీద వాలి, దాన్ని మోసుకుపోయాయి. అంటుకున్న చెత్త రిచ్‌లాండ్ ఊరి డంపింగ్ యార్డు దాకా వెళితే తవ్వి వెనక్కి తెచ్చారు. 2010లో ఓ కుందేలును పట్టి పరీక్షిస్తే సీసియం తేలింది. ఎండాక గాలికి దొర్లిపోయే ముళ్లకంపలు వేర్లతో లోతునుంచి రేడియోధార్మికతను పీల్చుకుంటాయి కనుక, వాటిని ఏరే పని కూడా ఉంది అక్కడ. హాన్‌ఫర్డ్ నుంచి సరుకు గడువు కన్నా ముందే బయటికి చేరవేసినవాళ్లు వీళ్లే.

మిగిలిన పనికి 2022లో వేసిన అంచనా 30 వేల కోట్ల డాలర్ల నుంచి 64 వేల కోట్ల డాలర్ల దాకా. ఈ రెండంకెల మధ్య ఖాళీలో మన రాష్ట్ర బడ్జెట్లు ఎన్నో పడుకోవచ్చు. పని పూర్తయ్యేది 2070ల చివర్లో, లేదా ఆ తర్వాత. అప్పటికి సీసియం మరోసారి సగానికి పైగా తగ్గి ఉంటుంది. ఇంత దూరదృష్టి ఉన్న పథకాన్ని ఆలస్యం అంటారా ఎవరైనా?

ప్లుటోనియం-239 ఒక్కటే మొండిఘటం. దాని అర్ధాయువు 24,100 ఏళ్లు. కాబట్టి ఒప్పందంలో ఒక చిన్న సవరణ సూచిస్తున్నాను: ప్లుటోనియానికి సంబంధించిన తదుపరి మైలురాయిని క్రీ.శ. 26,000కి మారిస్తే మళ్లీ మళ్లీ వాయిదాలు అడిగే శ్రమ తప్పుతుంది. ఇంధన శాఖ వెంటనే సంతకం పెడుతుంది. వాషింగ్టన్ రాష్ట్రం మాత్రం కోర్టుకెళుతుంది, దానికి ఓపిక తక్కువ.