ముత్యాలకి ఆ చిట్కా వద్దు
నగలు శుభ్రం చేసుకునే మీ చిట్కాలో, నగలన్నీ గోరువెచ్చని సబ్బునీళ్లలో అరగంట నానబెట్టి బ్రష్‌తో రుద్దితే చాలని రాశారు, రాళ్లు లేని గాజులకీ గొలుసులకీ అయితే సరే, మా ఇంట్లోనూ కుంకుడు రసంతో అలాగే కడుగుతాం. కానీ లక్క నింపిన పాత కెంపుల నగలకి మాత్రం చెప్పకండి. మా అత్తగారి నెక్లెస్ నేను ఇలాగే నానబెడితే లక్క వదులై రెండు రాళ్లు గిన్నె అడుగున కనిపించాయి. ఆవిడ ఒక్క మాటా అనలేదు, అదే ఇంకా టెన్షన్! ముత్యాల సంగతి మరీ సున్నితం, అవి చాలావరకు కాల్షియం కార్బొనేటే కాబట్టి నిమ్మరసం, వెనిగర్ తగిలితే పైపొర పాడవుతుంది, సెంటు కూడా నగ వేసుకోకముందే కొట్టుకోవాలి. మన బెజవాడ ఎండల్లో ఒక పెళ్లికి వెళ్లొస్తే చెమటకి దారం దాకా తడిసిపోతుంది, మెత్తటి తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే విడిగా గుడ్డసంచిలో పెట్టండి. ఇంకోటి, మెరుగు పెట్టించేటప్పుడు ముందూ తర్వాతా తూకం మీ కళ్లముందే వేయించుకోండి, 22 క్యారెట్ల బంగారమైనా పాలిష్ చేసిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది, మేము ఏడాదికోసారి చేయించడం అందుకే మానేశాం.