చీటీ పట్టుకొచ్చేవాళ్ళున్నారు, జాగ్రత్త!

దొంగల భయానికి దుకాణాలవాళ్ళు మూలమూలకీ కెమెరాలు పెడతారు, గుమ్మం దగ్గర సంచులు తెరిపించి చూస్తారు. ఆ శ్రద్ధంతా దండగ. దొంగ పట్టుకుపోయేది మహా అయితే ఒక సబ్బుబిళ్ళ. అసలు గండం దర్జాగా ముందు గుమ్మంలోంచే వస్తుంది, అడిగినంతా చెల్లిస్తుంది, బిల్లు అడిగి మరీ తీసుకెళ్తుంది. దాని చేతిలో ఉండేది ఒక చీటీ, కొనాల్సిన సరుకులు రాసుకున్న కాగితం.

ఈ చీటీ ఎంత ప్రమాదకరమో తెలియాలంటే కాస్త చరిత్ర తిరగెయ్యాలి. ఒకప్పుడు కొట్టుకెళ్తే బల్లకి ఇవతల నిలబడి అడగాలి, గుమాస్తా లోపల్నించి తెచ్చివ్వాలి. అడగనిది సంచిలోకి రాదు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన ‘పిగ్లీ విగ్లీ’ అని కొట్టు తెరిచి, సరుకులున్న అరల మధ్యకి జనాన్నే వదిలేశాడు. 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ మరో అడుగు ముందుకేశాడు. బుట్ట బరువెక్కగానే కొనడం ఆపేస్తున్నారని కనిపెట్టి, బుట్టకి చక్రాలు తగిలించాడు. అంతటి మహానుభావుల శ్రమని ఈ చీటీ మనిషి ఒక్క కాగితం ముక్కతో బూడిదలో కలిపేస్తున్నాడు. బండి కూడా ముట్టుకోడు. ఆరు సరుకులకి చేతిబుట్ట చాలంటాడు, పైగా బరువు తెలియాలట!

ఆ చీటీ రాసే తీరు చూస్తే ఒళ్ళు మండుతుంది. ముందు ఇంట్లో డబ్బాలన్నీ మూత తీసి చూసుకుంటాడు. ‘నూనె, పంచదార, సబ్బులు’ అని మర్యాదగా రాస్తే ఎంత కొనాలో దుకాణమే నిర్ణయించేది. వీడు పక్కన లెక్క కూడా వేస్తాడు: నూనె లీటరున్నర, సబ్బులు 3. లీటరున్నరే ఎందుకంటే, నూనె ప్యాకెట్టు కత్తిరించిన రోజు తేదీ దానిమీదే రాసి పెట్టుకున్నాడు. లీటరు 20 రోజులొచ్చింది, నెలకి లీటరున్నర. ఇలాంటి మనిషికి ఎవరు మాత్రం ఏం అమ్మగలరు?

ఇక అరల దగ్గర వీడి ఆగడాలు. ఎక్కువ అమ్ముకోదలచిన సరుకుని కంటికి ఎదురుగా పెట్టడం వ్యాపార ధర్మం. వీడు ధర్మాన్ని లెక్కచెయ్యకుండా మోకాళ్ళ మీద కూర్చుని కింది అర వెతుకుతాడు. పెద్ద ప్యాకెట్టు చవక అని లోకమంతా నమ్మి సుఖంగా బతుకుతుంటే, వీడు ఫోనులో భాగహారం చేస్తాడు. 400 గ్రాముల ప్యాకెట్టు 84, కిలో ప్యాకెట్టు 220 అనుకోండి. 100 గ్రాములకి చిన్నదాంట్లో 21, పెద్దదాంట్లో 22. చిన్నవి రెండున్నర కొనలేడు కదా అని మనం సంబరపడేలోపు రెండు తీసుకుని, ‘800 గ్రాములు చాలు’ అని చీటీ దిద్దుకుంటాడు.

నూనె దగ్గర వీడి తెలివి మరీ వెర్రితలలు వేస్తుంది. లీటరు వంటనూనె తూస్తే సుమారు 910 గ్రాములే ఉంటుంది. ఒక ప్యాకెట్టు మీద మిల్లీలీటర్లు, పక్కదాని మీద గ్రాములు వేస్తే మామూలు మనిషి రేటు మాత్రం చూసి చవకది తీసుకుంటాడు. వీడు రెంటినీ గ్రాముల్లోకి మార్చేదాకా కదలడు. వెనక బండ్లు ఆగిపోయినా సరే.

ఆఫర్లు పెట్టి పిలిచినవాళ్ళని అవమానించడం వీడికి అలవాటు. ‘50 శాతం అదనం’ అని ఎర్రక్షరాల్లో రాసి ఉంటే, అది సగం ధర కాదని గొణుగుతాడు. కిలో ధరకి కిలోన్నర వస్తే తగ్గింపు మూడో వంతే, అంటే 33 శాతం. ‘50 శాతం మీద మరో 20 శాతం’ అంటే మనకి 70 కనిపిస్తుంది. వీడు 100లో 50 తీసేసి, మిగిలిన 50లో 20 శాతం, అంటే 10 తీసి, కట్టాల్సింది 40, తగ్గింది 60 అని తేలుస్తాడు. రెండు కొంటే ఒకటి ఉచితమన్నా, ఒక్కటే కావాల్సినవాడికి అది ఖర్చు రెట్టింపు చేసే పథకమట. ఉచితమనే మాటకి ఈ ఇంట్లో గౌరవం లేదు.

ఇంటికి తెప్పించుకునేటప్పుడైనా మారతాడా? బిల్లు 430 అయింది, 500 దాటితే డెలివరీ ఖర్చు 40 ఉండదు. ఆ 40 మిగుల్చుకోడానికి 70 పెట్టి ఏ బిస్కెట్లో కొనడం లోకరీతి. వీడైతే ఎలాగూ అయిపోవచ్చిన సబ్బో ఉప్పో కలుపుతాడు. అదీ అక్కర్లేకపోతే కిమ్మనకుండా 40 కట్టేస్తాడు. ఇంత రాతిగుండె ఎక్కడా చూడం.

పాలప్యాకెట్టు కావాలంటే వెనక వరసలోకి చెయ్యి దూరుస్తాడు. కొత్త సరుకు వెనక, పాతది ముందు సర్దుతారని వీడికి ఎవరో చెప్పేశారు. అలాగని పాతదాన్ని వదలడు, ఆ రాత్రే వాడేసేది ఉంటే తేదీ దగ్గరపడి ధర తగ్గించినదాన్నే ఏరుకుంటాడు.

కొనుక్కుని వెళ్ళాకైనా సరుకు కుళ్ళిపోతే మళ్ళీ వస్తాడు కదా అన్న ఆశ కూడా అడియాసే. ఉల్లిపాయల్నీ బంగాళదుంపల్నీ ఒకే గంపలో పొయ్యడు, విడివిడిగా పెడతాడు. ఆకుకూర కడిగి ఫ్రిజ్‌లో పెట్టడు, తడి ఉంటే కుళ్ళిపోతుంది. పొడిబట్టలో చుట్టి పెట్టి, వండేముందు కడుగుతాడు. పాలు ఫ్రిజ్ తలుపులో పెట్టడు, తెరిచినప్పుడల్లా వెచ్చని గాలి తగిలేది అక్కడే. లోపలి అరలో, 4 డిగ్రీల చలిలో దాస్తాడు.

అయినా దుకాణదారులు పూర్తిగా నిరాశపడక్కర్లేదు. ఈ ముఠాలోనే మనకి పనికొచ్చే శాఖ ఒకటుంది. చవక దొరికిందని బియ్యం బస్తాలు ఇంటికి చేరేసి, నాలుగో నెలలో పురుగులు ఏరుకుంటూ కూర్చునేవాళ్ళు. ఉల్లిపాయల దగ్గర కాస్త మిగులుతుందని ఊరి ఆ చివర కొట్టుకెళ్ళి, ఆ మిగులు మీద మూడింతల పెట్రోలు తగలేసేవాళ్ళు. వాళ్ళని సన్మానించాలి, దండ ఖర్చు ఎలాగూ వాళ్ళ దగ్గర్నుంచే రాబట్టవచ్చు.

చీటీ మనిషికి మాత్రం సన్మానం లేదు. కాటా మీద కూరగాయలు పెట్టేముందు సున్నా చూపిస్తోందో లేదో చూస్తాడు. కౌంటరు దగ్గర బిల్లు జేబులో పెట్టుకోడు, అక్కడే నిలబడి ఒక్కో వరసా చదువుతాడు. ఒకే సబ్బు రెండుసార్లు పడిందేమో, బోర్డు మీదున్న తగ్గింపు బిల్లులోకి ఎక్కిందో లేదో చూసుకునేది అప్పుడే. ఇంటికెళ్ళాక గుర్తొస్తే తిరిగి వచ్చే ఓపిక ఎవరికీ ఉండదని వాడికి బాగా తెలుసు.

కాకపోతే బిల్లు కోసం వరసలో నిలబడి ఉన్నప్పుడు చేతికందేంత ఎత్తులో చాక్లెట్లు పేర్చి ఉంటాయి. అటు ఓ చూపు చూస్తాడు, ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెడతాడు, మళ్ళీ చూస్తాడు. జేబులోంచి పెన్ను తీసి, చీటీలో అట్టడుగున ‘చాక్లెట్ 1’ అని రాసుకుని, టిక్కు పెట్టి, బుట్టలో వేసుకుంటాడు.